సేతుధర్మము: ఇరువురి నడుమనున్న గోడ ఎవరిది?

వర్షర్తువులో రెండిండ్ల నడుమనున్న మట్టిగోడ నానినాని ఒకనాటి రాత్రి కూలిపోవును. తెల్లవారగానే రెండు ప్రశ్నలు పుట్టును. ఈ గోడ ఎవరిది? దీనిని మరల లేపుటకు వ్యయము ఎవరు భరింపవలెను? మొదటి ప్రశ్నకు ఇరువురును "నాది" అందురు. రెండవ ప్రశ్నకు ఇరువురును "నీది" అందురు. అహంకార మమకారముల స్వరూపమంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.

ఇంత స్వల్పవిషయమును ధర్మమీమాంసలోనికి తెచ్చుట తగునా యని కొందరికి తోపవచ్చును. కాని మన స్మృతికర్తలు దీనిని స్వల్పమని తలంపలేదు. మనువు పరిగణించిన అష్టాదశ వ్యవహారపదములలో సీమావివాదము ఒకటి. యాజ్ఞవల్క్యుడు దానికొక ప్రకరణమునే కేటాయించెను. నారద, బృహస్పతి, కాత్యాయనులు దానిని విస్తరించిరి. కౌటిల్యుడు గోడకు గోడకు మధ్య ఎంత యెడముండవలెనో, చూరునీరు ఎక్కడ పడవలెనో కూడ నిర్ణయించెను. మోక్షమును గూర్చి పలికిన ఋషులే గోడలను గూర్చియు పలికిరి. ధర్మము ఆరణ్యకములలో మాత్రమే కాక పొరుగువాని ప్రహరీయొద్ద కూడ పరీక్షకు నిలుచునని వారి అభిప్రాయము.

సేతుశబ్దార్థము

ఈ చర్చకంతటికిని మూలమైన పదము 'సేతువు'. నేడు సేతువనగా వంతెన యని మాత్రమే స్ఫురించును. రామసేతువు మన మనస్సులలో అంతగా నిలిచియున్నది. ధర్మశాస్త్రములలో మాత్రము ఈ పదము విస్తృతమైనది. పొలము గట్టు సేతువు, చెరువుకట్ట సేతువు, ఇండ్ల నడుమ హద్దును నిలుపునట్టిది కూడ సేతువే. నారదుడు సేతువును రెండు విధములుగా విభజించెను. నీటిని పారించుటకు త్రవ్వునది ఖేయము, నీటిని నిలుపుటకు కట్టునది బంధ్యము. కౌటిల్యుడు ఇల్లు, పొలము, తోట, సేతుబంధము, తటాకము, జలాధారము అను వీనినన్నిటిని 'వాస్తువు' అను ఒకే పేరుతో గ్రహించెను. వాస్తువివాదములన్నియు సామంతులపై, అనగా ఇరుగుపొరుగువారి సాక్ష్యముపై, ఆధారపడి తీర్పబడవలెనని ఆ ప్రకరణారంభముననే చెప్పెను.

ఇక్కడ 'సామంతుడు' అను పదము గమనింపదగినది. తరువాతి కాలములో ఇది చిన్నరాజునకు పేరైనది. మొదటి అర్థము మాత్రము చుట్టును ఉన్నవాడు, సరిహద్దును పంచుకొన్నవాడు అని. పొరుగువాడు వివాదములో ప్రతివాదియే కాడు. హద్దు ఎక్కడ ఉన్నదో ఎరిగిన సాక్షి కూడ అతడే. పొరుగువారితో వైరము తెచ్చుకొన్నవాడు తన భూమికి ఉన్న సాక్షులనే పోగొట్టుకొన్నవాడగును.

కౌటిల్యుని గృహమర్యాదలు

అర్థశాస్త్రపు తాళపత్రప్రతి మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో 1905 ప్రాంతమున ఆర్. శామశాస్త్రి గారి దృష్టికి వచ్చి, 1909లో ముద్రితమైనది. అందులో మూడవ అధికరణము 'ధర్మస్థీయము'. న్యాయాధిపతులు విచారింపవలసిన వ్యవహారములు అందులో నున్నవి. ఆ అధికరణములోని ఎనిమిదవ అధ్యాయము గృహవాస్తువును గూర్చినది. అందలి విధులు చదివినచో, ఇరుకైన వీధులలో ఇల్లానుకొని ఇల్లుగా బ్రతికిన ప్రజల నిత్యజీవితము కన్నులకు కట్టును.

క్రొత్తగా ఇల్లు కట్టువాడు పొరుగువాని గోడనుండి రెండు అరత్నులు, అనగా రెండు మూరలు, లేదా మూడు పాదములు ఎడముగా పునాది వేయవలెను. రెండిండ్ల నడుమ సందు ఉండవలెను. చూరులకు నాలుగంగుళముల యెడమైన ఉండవలెను, లేదా ఒకదానిపై నొకటి ఎక్కియైన ఉండవలెను. వెలుతురు కొరకు పెట్టు గవాక్షము చిన్నదిగాను ఎత్తుగాను ఉండవలెను. వెలుతురు రావలెను గాని పొరుగింటి అంతఃపురము కనబడరాదని దీని భావము. పొరుగువాని గోడను నీటితో పాడుచేసినవానికి పన్నెండు పణముల దండనము, మలమూత్రములతో పాడుచేసినవానికి దానికి రెట్టింపు. వాన కురియునప్పుడు నీటిదారి తెరచి విడువవలెను. అట్లు చేయనివానికిని పన్నెండు పణములే.

ఈ విధులలో మిక్కిలి సూక్ష్మమైనది ఒకటి కలదు. రెండిండ్ల నడిమి సందులో ఒక చిన్న ప్రక్కవాకిలి విడువవలెనని కౌటిల్యుడు చెప్పెను. ప్రయోజనము కూడ ఆయనయే చెప్పెను: విరిగినదానిని, పగిలినదానిని బాగుచేయుటకు. గోడ కట్టుచున్న నాడే అది ఒకనాడు బీటలు వారునని ఎరిగి, ఆనాడు తాపీవాడు లోనికి పోవుటకు దారిని ముందే విడుచుట యిది. కట్టినదంతయు చెడునదే యన్న అనిత్యత్వజ్ఞానము వేదాంతికి వైరాగ్యమైనది. గృహస్థునకు అదియే ఒక ప్రక్కవాకిలియైనది.

ఇన్ని కొలతలు చెప్పిన పిమ్మట కౌటిల్యుడు ఒక మినహాయింపు నిచ్చెను. గృహస్వాములు తమలో తాము కూడి అంగీకరించినచో తమ ఇష్టము వచ్చినట్లు కట్టుకొనవచ్చును, అనిష్టమైనదానిని నివారించుకొనవచ్చును. శాస్త్రపు కొలతలు సమాధానము కుదరనివారికి. సమాధానము కుదిరినచోట రాజు మూరకోలతో రానక్కరలేదు. మరియు ముంగిలి, దంపుడుశాల వంటి ఉమ్మడి తావులయందు అందరికిని సమానమైన అనుభవము కలదు. ఉమ్మడిదాని విషయమున సాయపడనివానికి, ఇతరుల అనుభవమును అడ్డగించినవానికి పన్నెండు పణముల దండనము, చెరచినవానికి రెట్టింపు. ఊరక కూర్చుండుట కూడ ఇక్కడ అపరాధమేయైనది.

వ్యయభాగము

కూలిన కట్టకు ఎవరెంత ఇయ్యవలెనను ప్రశ్నకు సూటియైన సమాధానము అర్థశాస్త్రము రెండవ అధికరణములో జనపదనివేశ ప్రకరణమున నున్నది. పలువురు కూడి సేతుబంధము చేయుచుండగా ఒకడు తప్పుకొనినచో, అతని పనివారు, అతని ఎడ్లు ఆ పని చేయవలెను. వ్యయములో అతడు భాగస్వామి కావలెను. ఫలములో మాత్రము అతనికి భాగము లేదు.

పరిహారమునకు మించిన కాఠిన్యము ఇందు కానవచ్చుచున్నది. వ్యయము పుచ్చుకొని ఫలము నిరాకరించుట న్యాయమా యని అడుగవచ్చును. కట్ట స్వభావమును తలచినచో కారణము తెలియును. పదిమంది కట్టలో తొమ్మండుగురి భాగములు గట్టిగా ఉండి ఒకనిది బలహీనమైనచో నీరు ఆ ఒకచోటనే త్రోవ చేసికొనును. అప్పుడు కొట్టుకొనిపోవునది అందరి పంటయు. గోడకు పదింట తొమ్మిది వంతులు కట్టుటయనగా గోడ కట్టకపోవుటయే. కావున తప్పుకొన్నవాడు తన వంతును మాత్రమే ఎగగొట్టినవాడు కాడు, ఇతరుల శ్రమను కూడ వ్యర్థము చేయనున్నవాడు.

వంతుల లెక్కకు నారదుడు సంభూయసమూత్థాన ప్రకరణములో సూత్రము చెప్పెను. సమముగా గాని, అధికముగా గాని, అల్పముగా గాని ఎవని భాగము ఎట్లున్నదో, అతని నష్టము, వ్యయము, లాభము కూడ అట్లే యుండును. పెద్ద పొలము గలవాడు హెచ్చుగా ఇయ్యవలెను, చిన్నకమతము వాడు తక్కువ ఇయ్యవలెను. వర్తకుల ఉమ్మడి వ్యాపారమునకు చెప్పబడిన ఈ న్యాయము గట్టునకును సహజముగా చెల్లును.

బృహస్పతి మరియొక మెట్టు పైకి పోయెను. సభాగృహము, చలిపందిరి, దేవాలయము, తటాకము, తోట మున్నగువాని జీర్ణసంస్కారమునకై గ్రామస్థులు కూడి ఒడంబడిక వ్రాసికొనవచ్చుననియు, అది ధర్మ్యమనియు, అందరు దానిని పాలింపవలెననియు ఆయన మతము. శక్తియుండియు పాలింపనివానికి సర్వస్వహరణము, పురమునుండి నిర్వాసనము దండనలు. సత్యము చేసి కుదుర్చుకొన్న సమయమును లోభముచేత మీరినవానిని దేశమునుండి వెడలగొట్టవలెనని మనువు కూడ చెప్పెను. ఇక్కడ 'శక్తియుండియు', 'లోభముచేత' అను విశేషణములు ప్రాణభూతములు. ఇయ్యలేనివాడు వేరు, ఇయ్యనొల్లనివాడు వేరు. శాస్త్రము దండించునది దారిద్ర్యమును కాదు.

అడుగకుండ చేసిన మేలు

వ్యయము భరించుటకు సిద్ధపడినంతమాత్రమున అన్నియు ఒప్పగునా? కాదని నారదుడు చెప్పుచున్నాడు. ఇతరుని పాడుపడిన సేతువును యజమానిని అడుగకుండ బాగుచేసినవాడు దాని ఫలమునకు అర్హుడు కాడు. యజమాని లేనిచో అతని వంశీయులను, వారును లేనిచో రాజును అడిగి పని ఆరంభింపవలెను. యాజ్ఞవల్క్యుని మతమును ఇదియే. యజమానికి తెలుపకయే అతని క్షేత్రములో సేతువు నిర్మించినచో, దాని అనుభవము యజమానికే చెందును, అతడు లేనిచో రాజునకు చెందును. మేలు చేయుచున్నాను గదా యని పొరుగువాని అనుమతిని లెక్కచేయకుండుట ఔదార్యవేషములోనున్న ఆక్రమణయే.

అట్లని అనుమతి నిరాకరించువానికి హద్దులేని స్వేచ్ఛయు లేదు. కొంచెము బాధ కలిగించి అధికమైన మేలు చేయు సేతువును నిషేధింపరాదని యాజ్ఞవల్క్యుడే చెప్పెను. కొద్దిపాటి తావు ఆక్రమించి సమృద్ధిగా నీరిచ్చు బావి విషయమును అట్టిదే. అడుగుట ఒకని ధర్మము, కారణములేక కాదనకుండుట మరొకని ధర్మము. రెండును కలిసిననాడే గట్టు నిలుచును.

హద్దుమీద మొలచిన చెట్టును గూర్చి కాత్యాయనుడు మనోహరమైన నిర్ణయము చేసెను. రెండు క్షేత్రముల సీమామధ్యమున పుట్టిన వృక్షముల పుష్పములు, ఫలములు ఇరువురకును సామాన్యములు. ఇచ్చట శంఖలిఖితుల కథ స్మరణకు రాకమానదు. మహాభారతము శాంతిపర్వములో ఈ ఉపాఖ్యానమున్నది. బాహుదానదీతీరమున అన్నదమ్ములిద్దరు వేరువేరు ఆశ్రమములలో నుండిరి. తమ్ముడగు లిఖితుడు అన్న ఇంట లేని సమయమున అతని ఆశ్రమవృక్షముల పండ్లు కోసికొని తినెను. అన్న వచ్చి, అడుగక తీసికొనుట చౌర్యమే యనియు, రాజునొద్దకు పోయి దండన స్వీకరింపుమనియు చెప్పెను. సుద్యుమ్నమహారాజు లిఖితుని చేతులు ఖండింపించెను. పిమ్మట నదిలో మునిగి తర్పణము చేయబోగా చేతులు మరల మొలచినవి. నాలుగు పండ్లకు ఇంత దండనయా యని మనకు తోచును. పండ్ల విలువ ఇక్కడ ప్రశ్న కాదు. సోదరప్రేమ యున్నచోటనే సరిహద్దు మరింత జాగ్రత్తగా పాలింపబడవలెనని, అప్పుడే ఆ ప్రేమ నిలుచునని ఆ కథ తాత్పర్యము.

మట్టిని శిరస్సున దాల్చిన సాక్షి

హద్దే తెలియనప్పుడు వ్యయభాగము తేలదు. అందుచేత మనువు హద్దు నిర్ణయమునకు విపులమైన పద్ధతి చెప్పెను. గట్లు స్పష్టముగా కనబడు జ్యేష్ఠమాసములో సీమానిర్ణయము చేయవలెను. పైరులేక, నీరులేక, గడ్డియెండి నేల తన ఆకృతిని తాను చూపుకొను కాలమది. మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాటి వంటి చిరకాలముండు వృక్షములను హద్దుగా నాటవలెను. సీమలు కలియుచోట చెరువులు, బావులు, దేవాలయములు నిర్మింపవలెను. దేవాలయమును సీమాసంధిలో పెట్టుట ఎంత దూరదృష్టి! ఏ స్థలమునకై కలహము పుట్టునో ఆ స్థలముననే ఇరువురును చేతులు జోడించి నిలువవలసివచ్చును.

పైకి కనబడు గురుతులను మనుష్యులు జరుపగలరు. కావున భూమిలో గూఢచిహ్నములను పాతిపెట్టవలెనని మనువు చెప్పెను. రాళ్ళు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు, ఇసుక మొదలైన, భూమి త్వరగా భక్షింపజాలని వస్తువులు అందులకు తగినవి. అప్పటికిని సందేహము తీరనిచో సాక్షులు రావలెను. వారు ఎఱ్ఱని వస్త్రములు, పూలమాలలు ధరించి, శిరస్సుపై మట్టి నుంచుకొని, తమతమ సుకృతములమీద ప్రమాణము చేసి హద్దు చూపవలెను. ఏ మట్టిని గూర్చి పలుకుచున్నాడో ఆ మట్టియే తలపై బరువుగా నుండగా అబద్ధమాడుట సులభము కాదు. సాక్షులు దొరకనిచో వేటకాండ్రు, గోపాలకులు, జాలరులు, దుంపలు త్రవ్వుకొనువారు, పాములు పట్టువారు మొదలైన వనచారులను అడుగవలెను. పండితసభలో స్థానములేనివారికి భూమి విషయమున మనువు ఇచ్చిన స్థానమిది. నేలపై నడచినవానికే నేల తెలియునని భావము.

తెలుగునేలలో సేతుధర్మము

ఈ విధులు సంస్కృతగ్రంథములలోనే నిలిచిపోలేదు. కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కనసోమయాజికి అంకితముగా దశకుమారచరిత్రము రచించిన కేతన, మితాక్షరను అనుసరించి 'విజ్ఞానేశ్వరీయము'ను తెలుగు పద్యములలో వెలయించెను. ధర్మశాస్త్రమును తెలుగువారు తెలుగులోనే తెలిసికొనవలెనను సంకల్పము ఆనాడే ఫలించినది.

కడప మండలములోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు నిర్మింపించెను. 1369 నాటి సంస్కృతశాసనము అచ్చట కలదు. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము ఆ నిర్మాణమునకు పట్టినట్లు అందున్నది. మంచి చెరువునకు కావలసిన పన్నెండు సాధనములను, చెరువునకు రాదగని ఆరు దోషములను కూడ ఆ శాసనము చెప్పుచున్నది. కట్ట నీరు కారుట, చవుడునేల మొదలైనవానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దులో నుండుట ఒక దోషముగా గణింపబడినది. దీని అర్థము ఊహింపదగినది. కట్ట తెగినపుడు ఇద్దరు రాజులలో బాగుచేయువాడెవడు? ఇద్దరిదైనది ఎవరిదియు కాకపోవు ప్రమాదమును శిల్పశాస్త్రజ్ఞులు చవుడునేలతో సమానమైన దోషముగా చూచిరి.

సీమలోని గ్రామములలో చెరువు త్రవ్వించినవారికి, బాగుచేయించినవారికి 'దశబంధము' అను మాన్యమిచ్చు ఆచారముండెను. ఆపదనుండి ఉమ్మడిసొత్తును కాపాడినవానికి పదవవంతు ఈయవలెనని యాజ్ఞవల్క్యుడు వర్తకుల విషయమున చెప్పిన న్యాయమును ఇది తలపించును. కాలువల పూడిక తీయుటకు, కట్టపై కంప కొట్టుటకు రైతులందరు చేతనైన పని పంచుకొను పద్ధతికి దక్షిణదేశమున కుడిమరామతు అని పేరు. ఆంగ్లేయప్రభుత్వము 1858లో మద్రాసు రాజధానికి ఈ విషయమున ఒక చట్టము చేసెను. ఆచారముచొప్పున చేయవలసిన పనిని తగిన కారణములేక చేయనివాడు ఆ పని విలువకు రెండింతలు చెల్లింపవలెనని అందు విధించిరి. చెరువును అనుభవించుచు బాగుచేయనివానికి నష్టమునకు రెండింతలు దండనమని కౌటిల్యుడు ఏనాడో వ్రాసియుండెను. అర్థశాస్త్రము అప్పటికింకను వెలుగులోనికి రాలేదు. ఒకరినొకరు ఎరుగని ఇరువురు శాసనకర్తలను ఒకే నిర్ణయమునకు తెచ్చినది గ్రంథము కాదు, నీటి స్వభావము, నరుని స్వభావము.

ఆత్మయే సేతువు

ఇంతవరకు చూచినది వ్యవహారము. దీనికి పరమార్థముతో సంబంధమేమి? ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయము ఆత్మను సేతువని పేర్కొన్నది. ఈ లోకములు ఒకదానితో నొకటి కలగాపులగమై చెడిపోకుండ ధరించి నిలుపునది కావున ఆత్మ సేతువు. బృహదారణ్యకము కూడ సర్వేశ్వరుని అట్లే వర్ణించినది. పొలముగట్టు నీటిని, పైరును, మట్టిని దేని స్థానమున దానిని నిలుపునట్లు పరమాత్మ విశ్వమర్యాదలను నిలుపుచున్నాడు. శంకరభగవత్పాదులు కూడ ఈశ్వరుడు ధరింపనిచో ఈ విశ్వము నశించునని వ్యాఖ్యానించిరి.

సేతువనగా దాటదగినది గదా, బ్రహ్మమును దాటి మరియొకటి ఉన్నదా యని బ్రహ్మసూత్రములు తృతీయాధ్యాయమున పూర్వపక్షము చేసినవి. సిద్ధాంతము సరళమైనది. సేతువుతో పోలిక ధరించి నిలుపుటయందు మాత్రమే, దాటుటయందు కాదు. ఉపమానము కొరకు ఋషులు వెదకినపుడు వారి కంటబడినది రాజప్రాసాదము కాదు, రైతు పొలముగట్టు. వేరుచేయుచునే కాపాడునది, ఇరువురి నడుమ నుండియు ఏ ఒక్కనికిని వశము కానిది, అది కాక మరేమున్నది?

ఇక సాధకునకు మిగిలిన ప్రశ్న ఒకటి. 'నాది' అను భావమును విడువగోరువాడు గోడ లెక్కలలో పాల్గొననేల? కూలిన గోడను కూలినట్లే విడుచుట వైరాగ్యము కాదా? కాదు. కౌటిల్యుని దండనమును మరల స్మరింపవలెను. తప్పుకొన్నవాడు పని చేయవలెను, వ్యయము భరింపవలెను, ఫలము పొందరాదు. గీతాచార్యుడు కర్మయోగికి ఉపదేశించినదియు బాహ్యదృష్టికి ఇదియే: కర్మను విడువకుము, ఫలమును కోరకుము. ఒకనికి శిక్షగా వచ్చినది మరియొకనికి యోగమైనది. భేదమంతయు స్వేచ్ఛలో నున్నది. రాజభటులు ఎడ్లను తోలుకొనిపోగా ఇచ్చినవాడు దండితుడు. పొరుగువాడు అడుగకముందే తన వంతు తెచ్చి గోడయొద్ద నిలిచినవాడు యోగి.

లోభి ఫలము నుంచుకొని వ్యయమును త్యజించును. దానినే వైరాగ్యమని భ్రమించుట సాధనామార్గములో సులభమైన పతనము. త్యజింపదగినది వ్యయము కాదు.

బావులు, తోటలు, చెరువులు, దేవాలయములు మరల బాగుచేసినవాడు వానిని మొదట నిర్మించినవానితో సమానమైన ఫలము పొందునని విష్ణుస్మృతి చెప్పుచున్నది. రాతిపై పేరు చెక్కించుకొనునది నిర్మాత మాత్రమే. బీటను పూడ్చినవాని పేరు ఎక్కడను ఉండదు. అయినను శాస్త్రదృష్టిలో ఇరువురును సములు. కూలిన గోడకు ఇరువైపుల నిలిచిన ఇద్దరు గృహస్థులు చెరియొక ఇటుక ఎత్తినపుడు, గోడ ఎవరిదను ప్రశ్న తనంత తానే శమించును. అది నిలిపినవారిది.

స్వస్తి.